కాలేజీకి పనికిరాడన్నారు.. గ్రామఫోనుకు గుండెనిచ్చాడు

ఇత్తడి గొట్టం ముందు తల కాస్త పక్కకు వంచి, చెవులు రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ మీకు గుర్తుందా? హెచ్‌ఎంవీ రికార్డుల మీద, పాత మ్యూజిక్ షాపుల బోర్డుల మీద ఉండేది. ఆ కుక్క పేరు నిప్పర్. ఆ సంగతి చాలామందికి తెలుసు. కానీ అది వింటున్న పెట్టెను తయారు చేసిందెవరని అడిగితే మెకానికల్ చదివినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. మొన్న మొన్నటి దాకా నేనూ అంతే.

ఆయన పేరు ఎల్డ్రిడ్జ్ రీవ్స్ జాన్సన్. అమెరికన్. కరెంటు లేని ఊళ్లో కూడా పాట నిలకడగా వినిపించేలా గ్రామఫోనుకు స్ప్రింగు మోటారు అమర్చిన మనిషి. అంతకన్నా ముందు, కాలేజీ చదువుకు పనికిరాడని బడిలోనే తేల్చేస్తే రిపేరు షాపులో పనికి కుదిరిన కుర్రాడు. ప్లేస్‌మెంట్ లిస్టులో పేరు కనపడక, ఇంటికెళ్లి ఏం చెప్పాలో తెలియక తిరుపతి బస్టాండులో కూర్చున్న సాయంత్రం మీకూ ఒకటి ఉంటే, ఈ కథ మీరు చదవాల్సిందే.

అవ్వ ఇంట్లో పెట్టె

జాన్సన్‌ను నాకు పరిచయం చేసింది పుస్తకం కాదు, అటక మీది పెట్టె. చిత్తూరులో మా అవ్వ ఇంట్లో, కీ ఇస్తే తిరిగే పాత గ్రామఫోను ఒకటుంది. తాత కొన్నది. దాంతోపాటు కొన్ని ప్లేట్లు. వాటిలో చిత్తూరు నాగయ్య పాటలే ఎక్కువ. నాగయ్య పుట్టింది అప్పటి గుంటూరు జిల్లా రేపల్లెలో అయినా, చిత్తూరు రామవిలాస సభ నాటకాల పుణ్యమా అని మా ఊరు ఆయన ఇంటిపేరైపోయింది. అవ్వకు ఆ ప్లేట్లంటే ప్రాణం.

బీటెక్ అయిపోయి, ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న రోజులవి. ఒక సంక్రాంతికి ఆ పెట్టె కిందికి దించాను. హ్యాండిల్ తిప్పి కీ ఇచ్చాను. మొదట్లో నాగయ్య గొంతు బాగానే ఉంది. కాసేపటికి పాట సాగడం మొదలైంది. మెల్లగా, ఇంకా మెల్లగా, నిద్రలో మాట్లాడుతున్నట్టు. మధ్యలో పెట్టె లోపల ధబ్‌మని చప్పుడు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా పాట ఒక్కసారి ఎగిరిపడేది.

అవ్వ ముందు బీటెక్ పరువు నిలబెట్టుకోవాలి కదా. మోటారు బయటికి తీసి, వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, కనిపించిన ప్రతి చక్రం మీదా పోశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగింది. కొన్ని నెలల తర్వాత చూస్తే నూనె, దుమ్ము కలిసి బంకయ్యాయి. పెట్టె పూర్తిగా బిగుసుకుపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట.

తప్పు ఎక్కడ చేశానో తెలుసుకుందామని ఈ మోటార్ల గురించి చదవడం మొదలుపెట్టాను. ఎటు తిరిగినా ఒకే పేరు ఎదురైంది.

బడిలో వచ్చిన తీర్పు

జాన్సన్ 1867 ఫిబ్రవరి 6న డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి ఏసా వడ్రంగి. రెండేళ్ల వయసులో తల్లి కెరోలిన్ చనిపోయింది. పిల్లాణ్ని తల్లి తరఫు బంధువులు పెంచారు. పదేళ్లు దాటాక డోవర్ పట్టణంలో తండ్రి, సవతి తల్లి దగ్గరికి చేరాడు.

అక్కడి డోవర్ అకాడమీలో 1882లో చదువు ముగించాడు. అప్పటికి పదిహేనేళ్లు. కాలేజీకి వెళ్లాలని ఆశ. కానీ బడి నడిపే పెద్దాయన ఈ కుర్రాడు మొద్దనీ, కాలేజీ ఇతనికి దండగనీ, ఏదైనా చేతిపని నేర్చుకోవడం మేలనీ చెప్పేశాడు.

ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఆ పని ఎంట్రన్స్ ర్యాంకు చేస్తుంది, సీజీపీఏ కటాఫ్ చేస్తుంది, ఫైనలియర్‌లో మిగిలిపోయిన బ్యాక్‌లాగ్ చేస్తుంది. అక్కడ ఒక మనిషి నోటి మాట చేసింది. ఎవరు చేసినా ఫలితం ఒకటే. మన గురించి తీర్పు అయిపోయింది, అప్పీలు లేదు అనిపిస్తుంది.

రిపేరు షాపులో ఐదేళ్లు

1883లో జాన్సన్‌ను ఫిలడెల్ఫియాలో జె.లాడ్జ్ అండ్ సన్ అనే మెషిన్ రిపేరు షాపులో అప్రెంటిస్‌గా పెట్టారు. 1888 దాకా, అంటే ఐదేళ్లు అక్కడే. మన బీటెక్ కన్నా ఏడాది ఎక్కువ.

రిపేరు షాపుకూ ఫ్యాక్టరీకీ ఒక తేడా ఉంది. ఫ్యాక్టరీలో రోజూ ఒకే వస్తువు తయారవుతుంది. రిపేరు షాపుకు రోజుకో పాడైన వస్తువు వస్తుంది. దాన్ని ఎవరో ఎలాగో ఆలోచించి చేసి ఉంటారు. ఎక్కడ అరిగింది, ఎందుకు అరిగింది, మళ్లీ అరగకుండా ఏం చేయాలి అని చూసుకుంటూ పోవాలి. అంటే పది మంది ఇంజినీర్ల తప్పులు ఒక్కచోట చదువుకోవడమే. ఈ సిలబస్ ఏ కాలేజీలోనూ దొరకదు.

1888లో డెలావేర్ నదికి అవతలి ఒడ్డున ఉన్న క్యామ్‌డెన్‌లో స్కల్ మెషిన్ షాపులో చేరాడు. దాని యజమాని ఆండ్రూ స్కల్. ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తి చేసిన కొడుకు జాన్ కోసం ఆ షాపు పెట్టించాడు. ఆ కొడుకు అదే ఏడాది హఠాత్తుగా చనిపోయాడు. షాపు పని చూసుకునే బాధ్యత జాన్సన్ మీద పడింది.

కొన్నాళ్లకు అతనికీ ఇక్కడేముంది అనిపించింది. మనవాళ్లు బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కినట్టు పడమటి రాష్ట్రాలకు వెళ్లాడు. అదృష్టం కలిసి రాలేదు. వాషింగ్టన్ రాష్ట్రం దాకా పోయి కూలిపనులు చేసి, 1891 కల్లా తిరిగొచ్చేశాడు. ఉత్త చేతులతో తిరిగి రావడం అతని జీవితంలో చిన్న విషయమేం కాదు. కానీ వచ్చి కూర్చోలేదు. పుస్తకాలను తీగతో కుట్టే యంత్రాన్ని బాగు చేసి, స్కల్‌తో భాగస్వామిగా చేరాడు. 1894లో స్కల్ వాటా కొనేశాడు. ఇరవై ఏడేళ్లకు ఒక చిన్న షాపుకు యజమాని. అప్పటికి గ్రామఫోనుతో అతనికి ఏ సంబంధమూ లేదు.

చేత్తో తిప్పితే పాట వంకర

ఇక్కడ రెండు ముక్కలు నేపథ్యం చెప్పాలి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. అందులో శబ్దం గుండ్రటి సిలిండరు మీద ముద్రపడేది. 1887లో ఎమిల్ బెర్లీనర్ అనే జర్మన్ వలసదారు దాన్ని పళ్లెంలాంటి ప్లేటుగా మార్చి గ్రామఫోను అన్నాడు. ప్లేటుకు ఒక లాభం ఉంది. ఒక అచ్చు చేస్తే వందలకొద్దీ కాపీలు గుద్దొచ్చు.

అయితే బెర్లీనర్ పెట్టెను చేత్తో తిప్పాలి. పాట అయ్యేదాకా ఒకే వేగంతో. ఇది ఎంత కష్టమో ఒకసారి ఊహించుకోండి. చెయ్యి కాస్త తొందరపడితే గొంతు కీచుమంటుంది. కాస్త అలిసిపోతే గొంతు బొంగురుపోతుంది. వేగమూ శృతీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. పాడేవాడు ఎంత గొప్పవాడైనా, తిప్పేవాడి చెయ్యి వణికితే అంతే సంగతులు. అందుకే జనం దాన్ని బొమ్మలాగే చూశారు.

స్ప్రింగు మోటారు పెడితే పోదా అని మీరు అడగొచ్చు. సిలిండరు మెషీన్లకు అప్పటికే స్ప్రింగు మోటార్లు ఉన్నాయి కూడా. చిక్కెక్కడంటే, ప్లేటు మెషీనులో బరువైన సౌండ్ బాక్సును పక్కకు జరిపే పని కూడా గాడే చేయాలి. ముల్లు ప్లేటును గట్టిగా పట్టి లాగుతుంది. మోటారుకు బలం కావాలి. చప్పుడు రాకూడదు. వేగం మారకూడదు. పైగా మామూలు మనిషి కొనగలిగే ధరలో రావాలి. ఈ నాలుగూ ఒక్కచోట కుదరక అంతకుముందు ప్రయత్నించినవాళ్లు చేతులెత్తేశారు.

ఆ చేత్తో తిప్పే పెట్టె జాన్సన్ షాపుకు వచ్చింది. అతను చూసింది పాటను కాదు, పనితనాన్ని. ఒక మంచి ఆలోచనకు నాసిరకం యంత్రం తగిలించారని అతనికి అర్థమైంది. పని మీద కూర్చున్నాడు. 1896 వేసవికల్లా బెర్లీనర్ కంపెనీ ఒప్పుకున్న మోటారు తయారైంది. స్ప్రింగు అతను కనిపెట్టింది కాదు. గవర్నరూ కాదు. తెలిసిన ముక్కల్నే తీసుకుని, తక్కువ ధరలో, చప్పుడు లేకుండా, వేల సంఖ్యలో చేయగలిగేలా కుదిర్చాడు. ఉద్యోగంలో చేరాక మీకు రోజూ ఎదురయ్యే ఇంజినీరింగ్ ఇలాంటిదే.

మూత కింద ఏముంది?

మోటారు విప్పి చూస్తే నాలుగు ముఖ్యమైన భాగాలు కనిపిస్తాయి. ఒకటి, గుండ్రటి డబ్బాలో చుట్టుకుని ఉండే కొన్ని మీటర్ల ఉక్కు పట్టీ. అదే స్ప్రింగు. రెండు, ఆ బలాన్ని వేగంగా మార్చే పళ్లచక్రాలు. మూడు, ప్లేటును మోసే నిలువు కడ్డీ, అంటే స్పిండిల్. నాలుగు, గవర్నర్.

కీ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు గట్టిగా తోస్తుంది. అయిపోవస్తుంటే నీరసంగా తోస్తుంది. కానీ ప్లేటు మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా తిరగాలి. ఆ పూచీ గవర్నర్‌ది. మీరు క్లాసులో వాట్, పోర్టర్, హార్ట్‌నెల్ గవర్నర్ల లెక్కలు చేసే ఉంటారు. అవి ఇంజిన్‌కు వెళ్లే ఆవిరినో ఇంధనాన్నో తగ్గిస్తాయి. ఇక్కడ స్ప్రింగును తగ్గించే వీలు లేదు. అందుకే ఈ గవర్నర్ బ్రేకులా పని చేస్తుంది. సన్నని బద్దీల మీద చిన్న లోహపు గుండ్లు ఉంటాయి. వేగం పెరిగితే అవి బయటికి జరుగుతాయి. వాటితోపాటు ఒక బిళ్ల జరిగి, తోలు లేదా ఫెల్ట్ ముక్కకు రాసుకుంటుంది. ఆ రాపిడికి వేగం తగ్గుతుంది. తగ్గగానే గుండ్లు లోపలికొస్తాయి, రాపిడి పోతుంది. మనకు తెలియకుండా ఇది క్షణక్షణం జరుగుతూ ఉంటుంది. వేగం పెంచే తగ్గించే మీట చేసే పని కూడా ఆ ఫెల్ట్ ముక్కను కాస్త ముందుకో వెనక్కో జరపడమే.

ఇది అర్థమయ్యాక మా పెట్టె రోగం కూడా అర్థమైంది. ధబ్‌మన్న చప్పుడు స్ప్రింగుది. డబ్బాలో పాత గ్రీజు ఎండి గట్టిపడితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బలం చాలినప్పుడు ఒక్కసారిగా ఊడివస్తాయి. అదే ఆ చప్పుడు. పాట సాగడానికి కారణం బేరింగుల్లో గట్టిపడిన నూనె. నేను పోసిన కొబ్బరినూనె ఆ రోగాన్ని ఇంకాస్త ముదిరేలా చేసింది. వంటనూనెలు గాలి తగిలి జిగురవుతాయి. కొబ్బరినూనె అయితే చలికి గడ్డ కూడా కడుతుంది. మెషీను నూనె అలా కాదు.

మా పెట్టెకు చేసిన వైద్యం

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ఈ వరస గుర్తుపెట్టుకోండి.

1. ముందు కీ మొత్తం దింపేయాలి. బ్రేకు తీసి, ప్లేటు లేకుండా మోటారును దానంతట అదే ఆగేదాకా తిరగనివ్వాలి. హ్యాండిల్ తిప్పి చూస్తే స్ప్రింగు ఎదురు తోయకూడదు. కీ ఉన్న మోటారులో గవర్నర్ ఊడదీస్తే పళ్లచక్రాలు ఒక్కసారిగా తిరిగి పళ్లు రాలిపోతాయి, వేళ్లూ తెగుతాయి.

2. విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయాలి. మరలు వేర్వేరు గిన్నెల్లో వేసుకోవాలి. సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే ఆగాలి గానీ, మర తల చెడగొట్టకూడదు.

3. స్ప్రింగు డబ్బా మూత సొంతంగా తీయొద్దు. కీ దిగిపోయినా లోపల స్ప్రింగు బలంగా నొక్కుకునే ఉంటుంది. చేతిలోంచి జారితే కత్తిలా కోస్తుంది. నేను ఆ పనిని పాతకాలపు గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకు అప్పగించి, పక్కన కూర్చుని చూశాను. మందపాటి గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని చుట్టు తర్వాత చుట్టు బయటికి తీశాడు. నల్లటి పాత గ్రీజు తుడిచి, గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాసి, మళ్లీ చుట్టు తర్వాత చుట్టు లోపలికి పెట్టాడు.

4. చక్రాలు, బేరింగులు కిరసనాయిలులో ముంచిన గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయాలి. నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. గవర్నర్ ఫెల్ట్ ముక్కకు కిరసనాయిలు తగలనివ్వొద్దు. గవర్నర్ బద్దీలు సున్నితం. వంగితే నిలకడ పోతుంది.

5. గవర్నర్ రెండు చివర్లలో, స్పిండిల్ బేరింగుల్లో కుట్టు మిషను నూనె ఒక్కో చుక్క చాలు. ఫెల్ట్ ముక్కకూ ఒకటి రెండు చుక్కలు పడాలి. పొడిగా ఉంటే కీచుమంటుంది, వేగం వణుకుతుంది. పళ్లచక్రాలకు పల్చటి గ్రీజు. ఎక్కువైతే దుమ్ము పడుతుంది.

6. చివర్లో వేగం సరిచూడాలి. ప్లేటు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనపడేలా పెట్టి, ముల్లు గాడిలో ఉండగా నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. 78 రావాలి. ముల్లు ఎత్తి లెక్కపెడితే లెక్క తప్పుతుంది. ప్లేటు రాపిడితో కలిపి చూడటమే అసలు పరీక్ష. ఉక్కు ముల్లును ప్రతి పాటకూ మార్చాలి. లేకపోతే ప్లేటు అరిగిపోతుంది.

ఇది నాకు మూడు వారాలు పట్టింది. మోటారు చేసినవాడి ఓపిక ఏమిటో అప్పుడు తెలిసింది.

మోటారు గెలిచింది, షాపు మునగబోయింది

కష్టం ఫలించింది, కథ సుఖాంతం అనుకుంటున్నారా? అసలు పరీక్ష అప్పుడే మొదలైంది.

మోటారుతో గ్రామఫోను అమ్మకాలు పెరిగాయి. జాన్సన్ అప్పు చేసి షాపును పెద్దది చేశాడు. బెర్లీనర్ రికార్డులు గరగరమంటున్నాయని గమనించి, రికార్డింగ్ పద్ధతినీ మార్చాలని రహస్యంగా ప్రయోగాలు చేశాడు. బెర్లీనర్ పద్ధతిలో జింకు పలకను ఆమ్లంతో చెక్కేవారు. జాన్సన్ మైనం మీద గాడి కోయించి, దాన్నుంచి అచ్చు తీయించాడు. శబ్దం ఎంతో తేటపడింది.

ఇంతలో గ్రామఫోన్లు అమ్మిపెట్టే ఫ్రాంక్ సీమన్‌కూ బెర్లీనర్‌కూ గొడవొచ్చింది. 1900లో కోర్టు ఉత్తర్వుతో బెర్లీనర్ అమెరికాలో గ్రామఫోన్లు అమ్మకుండా ఆగిపోవాల్సి వచ్చింది. తప్పు జాన్సన్‌ది కాదు, కేసూ అతనిది కాదు. కానీ అతను సరుకు చేసేది బెర్లీనర్ కోసమే. కొనేవాడు లేడు. పెద్ద ఫ్యాక్టరీ, నిండా సరుకు, మెడదాకా అప్పు. జాయినింగ్ డేట్ వచ్చాక ఆఫర్ లెటర్ రద్దయినవాళ్లకు ఆ పరిస్థితి బాగా అర్థమవుతుంది.

అతను సొంతంగా అమ్మడానికి దిగాడు. అంతవరకు మూత కింద పని చేసినవాడు ఇప్పుడు ప్రకటనలు రాయించాల్సి వచ్చింది. గ్రామఫోను ఉన్న ఎవరైనా ఉత్తరం రాస్తే ఒక రికార్డు ఉచితమన్నాడు. ఆ రికార్డు వింటే తేడా వాళ్లకే తెలుస్తుందని అతని ధైర్యం. సీమన్ అతని మీదా కోర్టుకెళ్లాడు. 1901లో జాన్సన్ గెలిచాడు. ఆ ఏడాది అక్టోబరు 3న క్యామ్‌డెన్‌లో విక్టర్ టాకింగ్ మెషిన్ కంపెనీ పుట్టింది.

కుక్క బొమ్మ అతని కంపెనీకీ గుర్తయింది. దాని వెనక ఒక తమాషా ఉంది. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు మొదట ఆ బొమ్మలో సిలిండరు ఫోనోగ్రాఫ్ వేశాడు. 1899లో లండన్ గ్రామఫోన్ కంపెనీ, దాని స్థానంలో తమ మెషీను వేస్తే కొంటామంది. అతను ఫోనోగ్రాఫ్ మీద రంగు పూసి గ్రామఫోను వేశాడు. ఆ గ్రామఫోను జాన్సన్ స్ప్రింగు మోటారు ఉన్న మోడల్. ఇన్నేళ్లుగా నిప్పర్ చెవి ఒగ్గి వింటున్నది ఆ మొద్దు కుర్రాడి పెట్టెనే.

ఆ పని మన దేశానికి రావడానికీ ఎంతో కాలం పట్టలేదు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. అప్పటికి జింకు పలకలు పోయి మైనం వచ్చేసింది. 1908లో కలకత్తా సియల్దాలో, తర్వాత 1928లో డమ్‌డమ్‌లో రికార్డుల ఫ్యాక్టరీలు వచ్చాయి. కరెంటు స్తంభాలు రాని ఊళ్లకు కూడా కీ ఇచ్చే పెట్టె చేరింది. మా అవ్వ ఇంటి అటక దాకా.

ఆయనకు వినపడని చప్పుడు

1906లో జాన్సన్ కంపెనీ విక్టరోలా తెచ్చింది. గొట్టాన్ని పెట్టె లోపలికి మడిచేసి, గ్రామఫోనును హాల్లో పెట్టుకునే ఫర్నిచర్‌గా మార్చింది. విపరీతంగా అమ్ముడైంది. క్యామ్‌డెన్‌లో షాపు పోయి పెద్ద ఫ్యాక్టరీల సముదాయం లేచింది.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. కానీ మిగతాది దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టే. 1920ల్లో రేడియో వచ్చింది. రికార్డు కొనకుండానే పాట ఇంటికొస్తోంది. జాన్సన్‌కు అది నచ్చలేదు. తన మెషీను మీద నమ్మకం ఆయన చెవులు మూసింది. అంతకుముందు నుంచే మనసు కుంగిపోయే జబ్బుతో చాలాకాలం ఆఫీసుకు దూరంగా ఉండాల్సి వచ్చేది. అమ్మకాలు పడిపోయాయి. చివరికి 1925లో కంపెనీ మైక్రోఫోనుతో చేసే ఎలక్ట్రికల్ రికార్డింగ్‌కు ఒప్పుకుంది. నవంబరులో ఆర్థోఫోనిక్ విక్టరోలా తెచ్చింది. అమ్మకాలు తేరుకున్నాయి గానీ, జాన్సన్ అలిసిపోయాడు. 1926 చివర్లో కంపెనీని బ్యాంకర్లకు అమ్మేశాడు. ఆయన వాటాకు వచ్చింది సుమారు 2.8 కోట్ల డాలర్లు. 1929లో ఆ కంపెనీని కొన్నదెవరో తెలుసా? రేడియో కంపెనీ ఆర్‌సీఏ.

ఒకప్పుడు ఎవరి దగ్గరో ఉన్న మంచి ఆలోచననూ, నాసిరకం యంత్రాన్నీ విడదీసి చూడగలిగిన మనిషి ఆయన. రేడియో తొలి రోజుల్లో అదీ గరగరలాడే నాసిరకం పెట్టే. ఆ గరగర వెనక ఉన్న ఆలోచన ఈసారి ఆయనకు వినపడలేదు. నేర్చుకున్న పని ఎంత బాగా వచ్చినా, ఏళ్లకు ఏళ్లు శుభ్రం చేసుకోకపోతే అదీ గ్రీజులాగే గట్టిపడుతుంది. ఇది జాన్సన్‌కే జరిగితే మనకు జరగదా?

తర్వాత ఏం చేశాడు?

కాలేజీ మెట్టెక్కని ఆయన 1929లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వైద్య భౌతికశాస్త్ర పరిశోధనకు ఫౌండేషన్ పెట్టించాడు. అక్కడ పని చేసిన హార్ట్‌లైన్, గ్రానిట్ 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 1928లో లూయీ క్యారల్ చేత్తో రాసిన ఆలిస్ కథ అసలు ప్రతిని కొని ప్రాణంలా చూసుకున్నాడు. ఆయన పోయాక అది బ్రిటన్‌కు తిరిగి చేరింది. 1933లో తన ఓడను స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్తల సముద్ర పరిశోధనకు ఇచ్చాడు. ఆ ఓడ పేరు కెరోలిన్. రెండేళ్ల వయసులో పోగొట్టుకున్న తల్లి పేరు.

1945 నవంబరు 14న న్యూజెర్సీలోని మూర్స్‌టౌన్‌లో చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకు గ్రామీ ట్రస్టీస్ అవార్డు ఇచ్చారు. గ్రామీ ట్రోఫీ ఏ ఆకారంలో ఉంటుందో మీకు తెలుసు కదా, గ్రామఫోనే. ఆయన్ను మొద్దన్న డోవర్‌లోనే ఇప్పుడు ఆయన పేరుతో విక్టరోలా మ్యూజియం ఉంది.

మరి మీరు?

దీన్ని చదివి డిగ్రీ అక్కర్లేదనుకోవద్దు. జాన్సన్ కాలంలో ఐదేళ్ల అప్రెంటిస్ పనికి దొరికిన విలువ ఇవాళ మన మార్కెట్లో అంత తేలిగ్గా దొరకదు. ఆయనకు కాలమూ కొంత కలిసొచ్చింది. నేను చెప్పేది వేరే. మీ మీద ఎవరో ఇచ్చిన తీర్పు నిజమో కాదో వాదనతో తేలదు. చేతిలో ఒక పని ఉంటేనే తేలుతుంది. పాడైన వస్తువును ముందు పెట్టుకుని, ఇది ఎందుకు పాడైందని చివరిదాకా అడిగే అలవాటు ఉంటే, ఆ వస్తువే మీరెంతటివారో చెప్తుంది.

నా సంగతి చెప్తాను. గ్రామఫోను బాగుపడిన కొన్నాళ్లకు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. సొంత చేతులతో బాగుచేసినది ఏమైనా ఉందా అని అడిగారు. అంతకుముందు ఇంటర్వ్యూల్లో ఫైనలియర్ ప్రాజెక్టు గురించి తడబడినవాణ్ని, ఈసారి ఫోన్ తీసి ఫొటోలు చూపించాను. కొబ్బరినూనె పోసిన సంగతి కూడా దాచలేదు. ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వచ్చాయి. ఎందుకు జిగురైంది, ఏ నూనె వాడాలి, ఎంత వాడాలి, ఎలా తెలిసింది. ఆ ఉద్యోగం వచ్చింది.

రేణిగుంటలో అయినా, శ్రీసిటీలో అయినా, ఇంకెక్కడైనా, ఫ్యాక్టరీ గేటు లోపల ఏదో ఒక యంత్రం రేపు ఆగుతుంది. దాని ముందు నిలబడి భయపడని మనిషి వాళ్లకు కావాలి. ఈ నెలలో మీ ఇంట్లో మూలన పడ్డ ఒక వస్తువు దించండి. కుట్టు మిషనో, మిక్సీనో, ఆగిన గడియారమో. కరెంటు వస్తువైతే ముందు ప్లగ్గు పీకేయండి. విప్పే ముందు ఫొటో తీయండి. ఏం చేశారో, ఎక్కడ తప్పు చేశారో తేదీ వేసి రాసుకోండి. రెజ్యూమెలో ఒక్క లైను చేరినా, ఆ లైను గురించి గంటసేపు మాట్లాడగలరు.

అన్నట్టు, మా పెట్టె సంగతి. మోటారు బిగించిన రోజు అవ్వను పక్కన కూర్చోబెట్టి నాగయ్య ప్లేటు పెట్టాను. కాగితం ముక్కను చూస్తూ చుట్లు లెక్కపెట్టాను. మొదటి నిమిషం 78. రెండో నిమిషం 78. పాట అయ్యేదాకా అవ్వ ఏమీ మాట్లాడలేదు. అయ్యాక ప్లేటు తిప్పి రెండో వైపు పెట్టమంది. నేను ముల్లు మార్చి, మళ్లీ కీ ఇచ్చాను.